పాతబస్తీ మెట్రో: స్థలానికి రేటు ఉంది, మరి నాన్ బట్టీకి?

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మెట్రో లైన్. 2024 మార్చి 8న సీఎం రేవంత్ రెడ్డి దీనికి శంకుస్థాపన చేశారు. రోడ్డు వెడల్పు కోసం వందలాది ఆస్తులపై ప్రభావం పడుతోంది. పురానీ హవేలీలో 1851 నుంచి పేరున్న 'మున్షీ నాన్' షాపు కూడా ఈ దారిలోనే పడింది.

గజానికి రూ.81 వేల పరిహారం. మంచి రేటే అనిపిస్తుంది. కానీ అది స్థలానికి లెక్క, గిరాకీకి కాదు. చార్ కోనీ నాన్ కాల్చే బట్టీని గ్యాస్ స్టవ్‌లా ఎత్తుకెళ్లలేరు. కొత్త చోట మళ్లీ కట్టాల్సిందే. నాన్ షాపు దూరమైతే పక్కనున్న నహారీ హోటల్‌కీ దెబ్బే.

మరి అద్దె షాపుల సంగతేంటి? 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే ప్రధాన జీవనోపాధి ఉన్నవాళ్లూ బాధిత కుటుంబాలే. ఓనర్లే కానక్కర్లేదు. అయితే అది నిరూపించడానికి కాగితాలు కావాలి. నోటిమాట మీద అద్దెకు నడిచే చిన్న షాపులకు అసలు చిక్కు ఇక్కడే.

మెట్రో వస్తే గిరాకీ పెరగొచ్చు. కానీ రైలు వచ్చేదాకా ఆ బట్టీలు వెలుగుతూ ఉంటాయా? అసలు ప్రశ్న అదే.