తేలే ఇటుక, మునిగే ఇటుక

మాదాపూర్‌లో మా పక్క ఫ్లాటు ముందు కారిడార్‌లో నెల రోజులుగా ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు ఉంటోంది. బట్టలు నానబెట్టుకునేదే. శని, ఆదివారాలు వస్తే దాన్ని ముప్పాతిక వరకు నింపి, ఆ ఇంటాయనా ఆరో తరగతి చదివే ఆయన కూతురూ చెరోవైపు గొంతుక్కూర్చుంటారు. వాళ్లు కడుతున్నది లెగో ముక్కలతో పడవ. షోకేసులో పెట్టుకునేది కాదు. మోటారుతో నడవాలి, రిమోట్‌తో మలుపు తిరగాలి, అన్నిటికంటే ముందు తేలాలి.

చిక్కు మొదటిరోజే వచ్చింది. పాప ఎర్ర ముక్కనొకదాన్ని నీళ్లలో వేసింది. ప్లాస్టిక్ కదా, తేలుతుందనుకుంది. అది పక్కకు ఒరిగి, కడుపులో ఉన్న బుడగ వదిలేసి, అడుక్కి వెళ్లి కూర్చుంది. "డాడీ, మునిగిపోయింది!" అన్న కేక మా వంటింట్లోకి వినపడింది.

లెగో ముక్కల్ని 1963 నుంచి ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో పోస్తున్నారు. గట్టిది, రంగు తొందరగా వెలవదు. డెన్మార్క్ కంపెనీ 1958లో పేటెంటు తీసుకున్న నమూనాకు చేసిన ముక్క ఇవాళ కొన్న ముక్కకు టక్కున అతుక్కుంటుంది. నీళ్లతోనే దానికి పేచీ. ఘన సెంటీమీటరు నీళ్లు ఒక గ్రాము తూగితే ఇది సుమారు 1.05 గ్రాములు తూగుతుంది. ఆ రవ్వంత తేడా చాలు. 1997 ఫిబ్రవరిలో టోకియో ఎక్స్‌ప్రెస్ అనే ఓడ ఇంగ్లండ్ తీరాన పెద్ద అల తాకిడికి 62 కంటెయినర్లు పోగొట్టుకుంది. అందులో ఒకదాని నిండా సుమారు 48 లక్షల లెగో ముక్కలు. విధి చమత్కారం, వాటిలో చాలా సముద్రం బొమ్మలే. గాలి పట్టినవీ, తేలికైనవీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కార్న్‌వాల్ ఇసుకలో వాటి కోసం ఇప్పటికీ వెతుకుతుంటారు. మిగిలినవి అడుగునే ఉండిపోయాయి.

ఇటుక మునగడంలో వింతేముందంటారా? మన దగ్గర తేలే ఇటుకలే ఉన్నాయి మరి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఊరూవాడా ఈ ఇటుకల గురించే మాట్లాడుకున్నారు. ఇసుక నింపిన పునాది మీద అంత గుడి నిలబడాలంటే పైన బరువు తగ్గాలి. అందుకని ఇటుక లోపలంతా సన్నటి రంధ్రాలు మిగిలేలా కాల్చారు. ఆ శిల్పులు పడవ కట్టాలనుకోలేదు, గుడి బరువు తగ్గించాలనుకున్నారు. తేలడం కొసరు.

రామప్ప ఇటుక ఖాళీని తనలోనే దాచుకుంది. లెగో ఇటుకకు ఆ సదుపాయం లేదు. ఖాళీని బయట, నాలుగు గోడల మధ్య కట్టుకోవాలి. తెప్పకూ పడవకూ తేడా అదే. తెప్ప దుంగల బలం మీద తేలుతుంది, పడవ లోపలి గాలి బలం మీద తేలుతుంది. మా పక్కింటాయన ఈ సంగతిని కరెంటు బిల్లు వెనకాల లెక్కగా వేశాడు. పడవ మొత్తం బరువు బ్యాటరీలతో కలిపి 900 గ్రాములు. అంటే 900 ఘన సెంటీమీటర్ల నీళ్లను పక్కకు జరపాలి. అడుగు 30 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు. కాబట్టి మూడు సెంటీమీటర్లు మునిగితే చాలు. గోడ ఎత్తు అయిదు. రెండు సెంటీమీటర్లు మిగులు. లెక్క తప్పు లేదు. పడవ నిజంగానే తేలింది కూడా. ఏడు నిమిషాలు పొడిగా.

లెక్కలో లేనిది సందు. ముక్కకూ ముక్కకూ మధ్య సందు మన కంటికి కనపడదు, నీటికి కనపడుతుంది. ఏడో నిమిషానికి లోపల చెమ్మ, పదో నిమిషానికి చెంచాడు నీళ్లు, ఆ తర్వాత బ్యాటరీ పెట్టె ఉన్న వైపు కుంగడం. పాప చప్పట్లు కొట్టింది. మునగడం చూడటానికి కూడా ఒక సరదా ఉంటుందని ఆ వయసులో తెలుస్తుంది. తండ్రి మొహం మాత్రం, అర్ధరాత్రి సర్వర్ పడిపోయిందని ఆఫీసు నుంచి ఫోనొచ్చిన వాడి మొహంలా అయింది. ఆయన పనిలో తప్పు దొర్లితే వెనక్కి తిప్పుకునే మీట ఉంటుంది. టబ్బులో అలాంటి మీట లేదు. బ్యాటరీలు విదిలించి, మోటారు ఫ్యాను కింద ఆరబెట్టి, మళ్లీ వచ్చే శనివారం కోసం ఆగడమే.

గోదావరి పక్క పుట్టి పెరిగిన ఆయన తల్లి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ ఉంటుంది. "మా రేవులో పలకల సందుల్లో పీచు దట్టించి పైన తారు పూసేవోళ్లురా" అందామె. మాదాపూర్‌లో తారు ఎక్కడ తెచ్చేది? వ్యాజిలీన్ పూశారు, కొంత ఆగింది. సెల్లోటేపు వేశారు, తడికి ఊడొచ్చింది. ఫెవిక్విక్ పెట్టేద్దామని తండ్రి అంటే కూతురు ఒప్పుకోలేదు. అంటించేస్తే మళ్లీ విప్పి ఇంకోటి కట్టడానికి ఉండదట. ఆ మాటలో నాకు న్యాయం కనిపించింది. ఒకే ముక్కగా పోసిన పడవ అడుగులు కూడా లెగోలో దొరుకుతాయి, అవి బాగానే తేలతాయి. అది కొనొచ్చు కదా అన్నాను. "అలాగైతే పడవే కొనుక్కోవచ్చు కదండీ" అన్నాడాయన. వాచ్‌మన్ వచ్చి, "ఇది ఎంత పడ్డది సార్?" అని అడిగితే మాత్రం అసలు ధరలో నాలుగో వంతు చెప్పాడు. తల్లి వింటోంది మరి.

రిమోట్‌ది ఇంకో కథ. ముందు ఎవరి దగ్గరో తెచ్చిన పాత సెట్టు, ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసేది పెట్టారు. కారిడార్‌లో చెప్పినట్టు విన్న మోటారు, టబ్బును డాబా మీదికి మోసుకెళ్లగానే మొండికేసింది. ఎండలోనూ ఆ కిరణాలే ఉంటాయి కదా, రిమోట్ గొంతు ఆ గోలలో వినపడదు. బ్లూటూత్ పెట్టాక దారికొచ్చింది. అదీ పడవ నీటి పైన ఉన్నంతసేపే. మునిగిందంటే సిగ్నల్‌ను నీరే మింగేస్తుంది. ఇంతకీ ప్రపంచంలో రేడియో మాట విని కదిలిన తొలి వాహనం కారూ కాదు, విమానమూ కాదు, పడవే. నికోలా టెస్లా 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చిన్న ఇనప పడవను ముందుకూ పక్కకూ నడిపి చూపించాడు. అది నడిచింది కూడా నదిలో కాదు, లోపల కట్టించిన నీళ్ల తొట్టిలోనే.

మా వాళ్లకు ఆ తొట్టే కరువైంది. బట్టల టబ్బులో పడవ తిరిగేందుకు చోటేది? ముక్కు ఇటు తగిలి, వెనక్కి వస్తే తోక అటు తగులుతుంది. అపార్టుమెంటులో ఈతకొలను ఉంది, రోజులో ఎక్కువ సేపు ఖాళీగానే ఉంటుంది. అడిగితే బొమ్మలకు అనుమతి లేదని వాట్సాప్ గ్రూపులో జవాబొచ్చింది. నేను కల్పించుకుని, విశాఖపట్నంలో నౌకాదళానికి పనిచేసే పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో అర కిలోమీటరు పొడవున్న నీళ్ల తొట్టి ఉందని, ఓడల బొమ్మలు చేసి అందులో లాగి చూస్తారని, బొమ్మ సరిగా నడిచాకే అసలు ఓడ కడతారని సెక్రటరీ గారికి వివరంగా చెప్పాను. "అక్కడ మెయింటెనెన్స్ గవర్నమెంటు కడుతుందండీ" అన్నారాయన.

దుర్గం చెరువు కూతవేటు దూరం. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువంటారు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన ప్రారంభమయ్యాక సాయంత్రాలు సెల్ఫీల జాతర. ఒక ఆదివారం ముగ్గురం వెళ్లాం. ఒడ్డున నిలబడి చాలాసేపు చూశాం. అటు పక్కన గుర్రపుడెక్క ఆకులు గుంపుగా తేలుతున్నాయి. ఒక్క కాడ చుట్టుకుందంటే పంకా ఆగిపోతుంది. నడిమధ్యలో బ్యాటరీ అయిపోతే తెచ్చేదెవరు? పడవను సంచిలోంచి బయటికి తియ్యకుండానే తిరిగొచ్చాం. దారిలో తమ్మిడికుంట, సున్నం చెరువుల మాట వచ్చింది. ప్రభుత్వ సంస్థ హైడ్రా వాటిని మళ్లీ చెరువులుగా చేసే పని చేపట్టింది. ఈ చుట్టుపక్కల కుంటకో పిల్లకాలువకో పుస్తకంలో కాగితం చింపి పడవ వదిలిన పిల్లలు ఇప్పుడు తాతలై ఉంటారు. వాళ్లకు చోటు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

కార్తికం వెళ్లిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, టబ్బు నాయనమ్మకు కావలసి వచ్చింది. పడవను తీసి కాగితం మీద బోర్లించారు. మోండా మార్కెట్ నుంచి తెప్పించిన అరటి దొప్పల్లో ఒత్తులు పెట్టి వెలిగించి ఆమె నీళ్లలో వదిలింది. పై అంతస్తు ఆడవాళ్లు ఇద్దరు వాళ్ల దొప్పలూ తెచ్చారు. గోదావరి రేవు అక్కడే వెలిసింది. పాప నిద్రకళ్లతో చేత్తో నీళ్లను మెల్లగా కదిలిస్తూ దీపాలను అవతలి అంచుకు పంపుతోంది. ఉన్నట్టుండి ఒక దొప్ప తీసి, కోసిన చివరను దీపం దగ్గర పెట్టి చూసింది. లోపల అంతా గళ్లు గళ్లుగా ఖాళీ.

సాయంత్రానికి పడవ మళ్లీ టబ్బులోకి వచ్చింది. రెండు వైపులా రెండు దొప్ప ముక్కలు, రబ్బరు బ్యాండ్లతో కట్టి. "లెగో కానిది పెట్టకూడదనేగా మన రూలు?" అని తండ్రి వాదన. "ఇది నాయనమ్మది" అని కూతురి జవాబు. ఇద్దరూ అన్నానికి లోపలికి వెళ్లిపోయారు.

రాత్రి పదకొండు దాటాక చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీశాను. కారిడార్ దీపం కింద పడవ ఎడమకు కొంచెం ఒరిగి, ఇంకా నీటి మీదే ఉంది.