డ్రమ్మర్ పక్కన చిన్న బాక్సు

1881 జనవరిలో కౌలాలంపూర్ చాలావరకు కాలిపోయింది. ఆకుల కప్పులు, చెక్క గోడల ఊరది. ఆ తర్వాత కొన్నేళ్లకు బ్రిటిష్ రెసిడెంట్ ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ ఇక ఇటుకతో, పెంకుతో కట్టుకోండని ఆదేశించాడు. అలా లేచిన దుకాణాల వరసకు ఒకే పోత: వీధి వైపు సుమారు ఇరవై అడుగుల వెడల్పు, వెనక్కి చాలా లోతు, పక్కవాడితో ఉమ్మడి గోడ, ముందు 'కాకి లీమా' అనే ఐదడుగుల వసారా. కాంక్రీటు వచ్చాక కూడా ఆ వెడల్పు పెద్దగా మారలేదు. ఇప్పుడు దాన్ని షాప్‌లాట్ అంటారు. కింద హోటలో క్లినిక్కో ఉంటుంది, మేడ మీద బ్యాండు వాయిస్తుంటుంది. మలేసియాలో చిన్న బ్యాండ్లు ఎదిగింది ఎక్కువగా ఇలాంటి గదుల్లోనే.

డ్రమ్మర్‌కి ఎలాంటి మానిటర్ (వాయించేవాడు వినడానికి తనవైపు తిప్పి పెట్టుకునే స్పీకరు) కొనాలన్న ప్రశ్నకు ఆ గది కొలతల్లోనే సగం జవాబు ఉంది. ఇరవై అడుగుల వెడల్పున్న గదిలో రెండు గోడల మధ్య నిలబడే రెండో అలకు 56 హెర్ట్జ్ దగ్గర బలం వస్తుంది. పదడుగుల ఎత్తున్న సీలింగుకూ నేలకూ మధ్య నిలబడే మొదటి అల కూడా దాదాపు అక్కడే పడుతుంది. కిక్ డ్రమ్ములో గుండెకు తగిలే దెబ్బ ఉండేదీ ఆ చుట్టుపక్కలే. పైగా డ్రమ్మర్‌ని ఎక్కడ కూర్చోబెడతారు? వెనక గోడకు ఆనించి, సరిగ్గా మధ్యలో. గోడల మధ్య నిలబడే ఆ రెండో అల అందరికన్నా ఎక్కువ వినపడే చోటది. గదే అతనికి బేస్ ధారాళంగా పోస్తోంది. అతని పక్కన మళ్లీ పద్దెనిమిది అంగుళాల సబ్‌వూఫర్ పెట్టి 'డ్రమ్ ఫిల్' అనడం డబ్బు తగలేసుకోవడమే. పెద్ద స్టేజీల మీద, ఆరుబయట ఆ ఏర్పాటుకు అర్థముంది. అక్కడ గోడ లేదు కాబట్టి బేస్ తిరిగి రాదు.

నిజానికి చిన్న గదిలో డ్రమ్మర్‌కి తన డ్రమ్ములు వినిపించక కాదు ఇబ్బంది. గాయని ఎక్కడుందో, బేస్ గిటార్ ఏ మలుపులో ఉందో తెలియదు. తెలియనప్పుడు చెయ్యి బరువెక్కుతుంది. స్నేర్ గట్టిగా పడితే గిటారిస్టు ఆంప్ పెంచుతాడు, గాయని 'మానిటర్ పెంచన్నా' అంటుంది, మైకు కుయ్యిమంటుంది. ఇలాంటి గదిలో మొత్తం సౌండు ఎంతన్నది తేల్చేది మిక్సర్ దగ్గర నిలబడ్డవాడు కాదు, డ్రమ్మర్ మణికట్టు. మానిటర్ ఉన్నది ఆ మణికట్టును కాస్త తేలికపరచడానికే.

అందుకే ఎనిమిది లేదా పది అంగుళాల చిన్న బాక్సు చాలు. దాన్ని నేల మీద పడేస్తే మోకాళ్లకు పాడుతుంది. స్టూలు మీదో పొట్టి స్టాండు మీదో పెట్టి చెవి ఎత్తుకు తేవాలి, అర మీటరు దగ్గరికి జరపాలి. మీటరు దూరంలో ఉన్నది అర మీటరుకు వస్తే చెవికి 6 డెసిబెల్స్ ఎక్కువ చేరుతుంది. అదే లాభం వాట్లతో రావాలంటే నాలుగింతల పవర్ కావాలి. బాక్సు మీద అచ్చేసిన వాట్ల అంకె చూసి మురిసిపోయేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది. అంత దగ్గర పెట్టేటప్పుడు కోయాక్సియల్ రకం, అంటే హార్న్ స్పీకరు మధ్యలోనే ఉన్నది తీసుకోవాలి. హార్న్ ఒకచోట, స్పీకరు ఒకచోట ఉన్న బాక్సయితే అర మీటరులో రెండూ సరిగా కలవవు, తల తిప్పిన ప్రతిసారీ పాట రంగు మారుతుంది. ఏ వైపు పెట్టాలన్నదానికి నా ఓటు ఫ్లోర్ టామ్ వైపు. కుడిచేతి డ్రమ్మర్ ఎడమ చెవి పక్కన హై-హ్యాట్ ఎలాగూ కోస్తూనే ఉంటుంది. ఇక ఆ మానిటర్‌లో కిక్ వేయకూడదు, 100 హెర్ట్జ్ కింద అంతా కోసేయాలి. గొంతు, కీబోర్డు, కాస్త బేస్ గిటారు చాలు.

ఇన్-ఇయర్‌లు పెట్టుకుంటే గొడవే లేదుగా అంటారు. డ్రమ్మర్ కూర్చునే ఉంటాడు కాబట్టి వైర్‌లెస్ కూడా అక్కర్లేదు, ఒక వైరు, చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ సరిపోతాయి. క్లిక్ ట్రాక్‌తో వాయించేవాళ్లకు అదే మేలు. జాజ్‌కి మాత్రం నాకు నచ్చదు. చెవులు మూసుకున్నవాడికి గదిలో ఎంత మోత మోగుతోందో తెలియదు. కౌలాలంపూర్ జలాన్ మెసుయ్‌లో 1998లో పియానిస్టు ఎవెలిన్ హీ మొదలుపెట్టిన 'నో బ్లాక్ టై' లాంటి క్లబ్బులో జనం మాటలు ఆపి వింటారు. అక్కడ బ్రష్‌లతో వాయించే డ్రమ్మర్ ప్లాస్టిక్ బిరడాల్లోంచి వినడమేమిటి?

మలేసియా నుంచి మనం తీసుకోదగ్గది మరొకటుంది, చట్టం వైపు నుంచి. 2019 జూన్ 1 నుంచి అక్కడ పనిచోటి ధ్వనిపై కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి. రోజు మొత్తం మీద 82 డెసిబెల్స్ దాటితే యజమాని మేలుకోవాలి, 85 హద్దు. అంతకుముందు 1989 నాటి నిబంధనలు ఫ్యాక్టరీలకే, హద్దు 90. ఎనిమిది గంటలకు 85 అంటే, ధ్వనిశక్తి లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. సింబల్స్ పక్కన కూర్చున్నవాడు మొదటి మూడు పాటల్లో ఆ పావుగంట వాడేస్తాడు. డ్రమ్మర్ ఏ పూటకాపూట డబ్బు తీసుకునేవాడు కావచ్చు గానీ, గ్లాసులు అందించే కుర్రాడు జీతగాడే, రాత్రంతా అక్కడే ఉంటాడు.

మన దేశంలో మాత్రం 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కొలిచేది ఆవరణ సరిహద్దు దగ్గర. 2022 సెప్టెంబరులో జూబ్లీహిల్స్ పబ్బుల గురించి తెలంగాణ హైకోర్టు రాత్రి పది తర్వాత సౌండ్ సిస్టమ్ వద్దన్నదీ పక్కింటివాళ్ల నిద్ర కోసమే. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ గోడకు ఇవతల ఉన్న చెవి సంగతి ఆ నియమాల్లో ఎక్కడుంది? హైదరాబాదులో పబ్బు పెట్టేవాడు సౌండ్‌ప్రూఫింగు తలుపులకు లక్షలు పోస్తాడు. లోపల డ్రమ్మర్ చెవి పక్కన చిన్న బాక్సు పెడితే మోత పుట్టేచోటే తగ్గుతుందన్నది ఎస్టిమేటులోకి రాదు.

ఈ షాప్‌లాట్ పాఠం మన ఫంక్షన్ హాలు ఆర్కెస్ట్రాకు మాత్రం అచ్చంగా అతకదు. మన పెళ్లి ఆర్కెస్ట్రాలో, చర్చిలో చాలాసార్లు డ్రమ్ సెట్టే ఉండదు, ఆక్టోప్యాడ్ ఉంటుంది. ప్యాడ్ మీద కర్ర పడితే రబ్బరు చప్పుడు తప్ప మరేమీ రాదు. డోలక్కయినా కిక్కయినా స్పీకరులోంచే పుట్టాలి. ఫంక్షన్ హాలు గోడలూ దూరంగా ఉంటాయి, వాటి నుంచి సాయం ఉండదు. కాబట్టి ప్యాడ్స్ వాయించేవాడికి పది అంగుళాలు చాలవు, కింద కోయనూ కూడదు. అతనికి పన్నెండు అంగుళాల పూర్తిస్థాయి బాక్సు ఇవ్వాలి, అందులో అతని ప్యాడ్సే పైన ఉండాలి. మైక్ సెట్ వాళ్లు చాలాచోట్ల చేస్తున్నది దీనికి తలకిందులు: ప్యాడ్స్ కుర్రాడికి మూలనున్న పాత బాక్సు, నిజం డ్రమ్ సెట్ తెచ్చిన బ్యాండు వస్తే సబ్‌తో సహా పెద్ద జత.