పిల్లల సంచులు సోదా చేస్తే గంజాయి ఆగుతుందా?

గంజాయి ప్రస్తావన వచ్చినప్పుడల్లా తల్లిదండ్రుల నోట ఒక సలహా వినవస్తుంది. బడి గేటు వద్దే పిల్లల సంచులు సోదా చేయాలి, అనుమానం ఉన్నవారికి మూత్ర పరీక్ష జరిపించాలి అన్నదే ఆ సలహా. బిడ్డ పాడైపోతాడేమోనన్న భయంతో అన్న మాట గనుక దాన్ని తేలిగ్గా తోసిపుచ్చటానికి లేదు. అయితే అమలులో పెట్టేముందు, నలభై ఏళ్లుగా ఈ దారిలో నడిచిన అమెరికాలో జరిగిందేమిటో, మన చట్టం ఏమంటున్నదో తెలుసుకోవటం అవసరం.

సిగరెట్టుతో మొదలైన కేసు

1980లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక హైస్కూలులో 14 ఏళ్ల బాలిక మరుగుదొడ్డిలో సిగరెట్టు తాగుతూ పట్టుబడింది. తాను తాగలేదని ఆమె బుకాయించింది. వైస్ ప్రిన్సిపాల్ ఆమె చేతిసంచి తెరిచి చూశారు. సిగరెట్లతో పాటు గంజాయి చుట్టుకునే కాగితాలు కనిపించాయి. ఇంకా వెదికితే కొద్దిపాటి గంజాయి, ఆమెకు బాకీపడిన విద్యార్థుల జాబితా బయటపడ్డాయి.

ఈ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు కూడా రాజ్యాంగానికి లోబడే సోదా చేయాలని 1985లో కోర్టు చెప్పింది. అయితే వారికి వారంటు అక్కరలేదని, సహేతుకమైన అనుమానం ఉంటే చాలునని 6-3 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. పిల్లల వయస్సు, ఆడ మగ తేడా, తప్పు తీవ్రత - వీటిని మించి సోదా సాగరాదని కూడా షరతు పెట్టింది.

అనుమానం లేకున్నా పరీక్ష

ఓరెగాన్ రాష్ట్రంలోని వెర్నోనియా కలప కోతపై బతికే చిన్న ఊరు. అక్కడి బడులలో 1989లో ఆటగాళ్లందరికీ మూత్ర పరీక్ష నిబంధన పెట్టారు. ఆటల సీజను మొదట్లో అందరికీ, ఆ తర్వాత వారం వారం పదిశాతం మందిని ఎంపిక చేసి పరీక్ష జరిపేవారు. 1991లో ఏడవ తరగతి బాలుడొకడు ఫుట్‌బాల్ జట్టులో చేరబోయాడు. పరీక్షకు ఒప్పుకుంటూ సంతకం పెట్టటానికి తల్లిదండ్రులు నిరాకరించారు. జట్టులో చోటు దక్కలేదు.

1995లో సుప్రీంకోర్టు బడి పక్షానే తీర్పు చెప్పింది. ఆ ఊరి బడులలో మత్తు అలవాటు ముదిరిందని, పరీక్ష ఫలితం పోలీసులకు ఇవ్వటం లేదని అది గమనించింది. 2002లో ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన మరో కేసులో, పాటల బృందం వంటివాటిలో పాల్గొనే పిల్లలకు కూడా పరీక్ష చేయవచ్చునన్నది. ఈసారి మెజారిటీ ఒక్క ఓటు మాత్రమే.

అదే కోర్టు 2009లో ఒకచోట గీత గీసింది. ఆరిజోనా రాష్ట్రంలో 13 ఏళ్ల బాలిక వద్ద ఐబుప్రొఫెన్ మాత్రలున్నాయని తోటి విద్యార్థిని చెప్పింది. అవి నొప్పులకు వాడే మాత్రలే. సంచిలో ఏమీ దొరకలేదు. అంతటితో ఆగక బాలిక చేత బట్టలు విప్పించి లోదుస్తుల వరకు వెదికారు. అప్పుడూ ఏమీ దొరకలేదు. సంచి వెదకటం సరైనదే గాని, లోదుస్తుల సోదా రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. ఆ సోదా జరిగింది 2003లో. న్యాయం తేలేసరికి ఆరేళ్లు గడిచాయి.

మేలు ఎంత?

కోర్టు ఒప్పుకున్నంత మాత్రాన జబ్బు నయం కాదు. మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 76 వేల మంది విద్యార్థుల వివరాలతో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. పరీక్షలున్న బళ్లకూ లేని బళ్లకూ మత్తు వాడకంలో తేడా కనబడలేదు. అమెరికా విద్యాశాఖ 36 హైస్కూళ్లలో జరిపించిన అధ్యయనం 2010లో వచ్చింది. పరీక్షలున్న బళ్లలో నెలలోపల మత్తు వాడామన్నవారు 16 శాతం, లేని బళ్లలో 22 శాతం. కొంత తగ్గిన మాట నిజమే. కాని ముందుముందు వాడాలన్న ఆలోచన మాత్రం తగ్గలేదు. పరీక్షల పరిధిలో లేని తోటి పిల్లలపై ప్రభావమే లేదు. అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2015లో బడులలో ఇటువంటి పరీక్షలు వద్దన్నది.

మన పల్లెలకు సంబంధించి ఇంకో చిక్కు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివి పీల్చే అలవాటు పెద్దలలో 0.58 శాతం కాగా, 10 నుంచి 17 ఏళ్ల పిల్లలలో 1.17 శాతం. మామూలు మూత్ర పరీక్షలో ఇవి బయటపడవు. పైగా కొన్ని సాధారణ మందులు వాడినా పరీక్ష తప్పుగా మత్తు ఉన్నట్లు చూపవచ్చు. ప్రయోగశాలలో నిర్ధారించకుండా పిల్లవాడిపై ముద్ర వేస్తే ఆ మచ్చ తుడిచేవారెవరు?

మన చట్టం

అమెరికా తీర్పులు మన కోర్టులకు శిరోధార్యం కావు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సోదా అధికారాన్ని నిర్ణీత ప్రభుత్వ శాఖల అధికారులకు ఇచ్చింది గాని ఉపాధ్యాయులకు కాదు. ఆడవారి ఒంటి సోదా ఆడవారే చేయాలని కూడా అది చెబుతున్నది. ప్రాథమిక విద్య చదివే పిల్లలను కొట్టటాన్నీ, మానసికంగా వేధించటాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. తప్పు చేశాడన్న పిల్లవాడిని సైతం పోలీసు లాకప్‌లో పెట్టరాదని 2015 బాలల న్యాయ చట్టం అంటున్నది. అలవాటుపడ్డవారు తామే చికిత్సకు ముందుకు వస్తే కేసు నుంచి రక్షణ కూడా మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది.

అసలు కఠినత్వమంతా అమ్మేవాడి మీదే. పిల్లలకు మత్తు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పిల్లల చేత మత్తు అమ్మించినా అంతే. విద్యాసంస్థకు వంద గజాల లోపల బీడీ, సిగరెట్టు, గుట్కా అమ్మరాదని 2003 చట్టం శాసించింది. బడి ఎదుటి బడ్డీకొట్టు వద్ద ఈ నిబంధన అమలవుతున్నదా అని చూడటానికి ఏ ప్రయోగశాలా అక్కరలేదు.

ఊరు చేయగలిగింది

కచ్చితమైన అనుమానం ఉన్నప్పుడు సంచి చూడటం వేరు, గేటు వద్ద అందరినీ దొంగల్లా నిలబెట్టడం వేరు. పాఠశాల కమిటీ కూర్చొని నియమాలు రాసుకోవటం మేలు. సంచి ఎవరు చూడాలి, పక్కన సాక్షి ఎవరు, ఆడపిల్లల విషయంలో ఉపాధ్యాయిని తప్పనిసరా అన్నవి ముందే తేలాలి. బట్టలు విప్పించటం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఆ రోజే తల్లిదండ్రులకు కబురు చేయాలి. ప్రార్థన సమయంలో పేరు చదవటం, టీసీ చేతిలో పెట్టి పంపటం వంటివి కట్టిపెట్టాలి. బడి నుంచి వెళ్లగొట్టిన పిల్లవాడు నేరుగా చేరేది ఆ అమ్మేవాడి దగ్గరికే.

చికిత్స సలహాకు 14446, ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి సమాచారం అందించటానికి 1972 నంబర్లు ఉన్నాయి. పిల్లవాడి సంచిలో దొరికే పొట్లం చివరి మజిలీ మాత్రమే. అది ఏ కొట్టు నుంచి, ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఊరికి తెలియకుండా ఉండదు. తెలిసినవారు నోరు విప్పనంతకాలం బడి గేటు వద్ద ఎన్ని సోదాలు జరిగినా ఆ పొట్లం మరో సంచిలోకి చేరుతూనే ఉంటుంది.