రెండు లక్షల రూపాయలలో కారు

గత సంచిక వెలువడిన కొద్ది రోజులకు మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసే ఒక యువ సహోద్యోగి మా గదికి వచ్చి, "సార్, రెండు లక్షలలో ఏ కారు మంచిది?" అని అడిగాడు. అతని తండ్రిగారికి వారానికి రెండుసార్లు డయాలిసిస్ జరుగుతున్నది. మా టౌన్‌షిప్ నుంచి విశాఖపట్నంలోని ఆసుపత్రికి ఇరవై అయిదు కిలోమీటర్లు. తెల్లవారుజామున ఆటో దొరకడం ఒక ఎత్తు, చికిత్స ముగిసి నీరసించిన మనిషిని మిట్టమధ్యాహ్నం అదే ఆటోలో ఇంటికి చేర్చడం మరొక ఎత్తు. ఆ రెండు లక్షలు భవిష్యనిధి నుంచి తీసినవి. అంతకు మించి ఒక్క రూపాయి తేగల స్థితి లేదు.

అట్లయితే నీవు చూడవలసినది లక్షన్నర కారు అన్నాము. అతని ముఖం చిన్నబోయింది. చేతిలో ఉన్నదంతా వాహనానికే పోసినవాడు దానిని నడిపించలేడన్నది మా సొంత అనుభవం. 1996లో మేము ఒక బ్రోకరు ద్వారా అద్దంలా మెరిసే కారును ఉన్న డబ్బంతా ఇచ్చి కొన్నాము. నాలుగు వేల కిలోమీటర్లు తిరగకముందే ముందు టైర్లు ఒక ప్రక్క అరిగిపోయాయి. ఎక్కించి చూస్తే, ప్రమాదంలో నలిగిన ముందు భాగాన్ని కోసి, వేరొక బండి ముక్కను తెచ్చి అతికించి, పైన రంగు వేశారని తేలింది. బాగు చేయించడానికి డబ్బు లేదు. అటువంటి అతుకు మళ్లీ దెబ్బ తగిలితే లోపలివారిని కాపాడలేదు. సగం ధరకు వదిలించుకొన్నాము.

ఇక ఏ కారు అన్న ప్రశ్న. సంవత్సరానికి పది వేల కిలోమీటర్లు కూడా తిరగని కుటుంబానికి పాత డీజిల్ కారు వద్దు. దాని ఇంధన సరఫరా పరికరాలు చెడితే అయ్యే ఖర్చు, మైలేజీలో మిగిలినదంతా మ్రింగివేస్తుంది. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. 2000లో వచ్చిన ఆల్టో విడిభాగాలు మాత్రం ఏ చిన్న ఊరిలోనైనా దొరుకుతాయి, దాని పని తెలియని మెకానిక్ ఉండడు. కనుక ఆల్టోనే వెదకుదామన్నాము. సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, రుసుము, హరిత పన్ను చెల్లించి, అయిదేళ్లకు పొడిగించుకోవాలి. అందుచేత ధర అడిగే ముందు ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉన్నదో లెక్క వేయడం అవసరం.

మూడు బండ్లు చూచాము. ఉదయం ఏడు గంటలకు వస్తాము, అంతవరకు ఇంజను స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పినా, మొదటిదాని బానెట్ మీద చేయి పెట్టగానే వేడి తగిలింది. చల్లని ఇంజనును మొదటిసారి తిప్పినప్పుడే దాని జబ్బులు బయటపడతాయి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నదని, తెల్లపొగ ఎంతసేపటికీ తగ్గకపోతే కూలెంట్ లోపలికి చేరుతున్నదని అనుమానించాలి. ముందే వేడి చేసి ఉంచినవాడు ఏదో దాచుతున్నాడన్న మాట. తిరిగి వచ్చాము.

రెండవది విజయవాడ నుంచి వచ్చిన బండి. తయారీ సంవత్సరానికి ధర మరీ తక్కువ, లోపల కార్పెట్ సరికొత్తది. మా మిత్రుడు అప్పుడే బేరానికి దిగాడు. మేము డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగి చూచాము. అడుగున మట్టిచార కనిపించింది. సీటును బిగించిన బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరంలో ఎన్ని వాహనాలు మునిగాయో పాఠకులు మరచి ఉండరు. ఇది ఆ నీటిలోనిదేనా అన్నది చెప్పలేము కాని, ఎక్కడో మునిగిన బండి అనడంలో మాత్రం సందేహం లేదు. మునిగిన బండి కొన్ని నెలలు బాగానే నడుస్తుంది. ఆ పిమ్మట వైర్లు కలిసే చోట్ల ఆకుపచ్చని తుప్పు పేరుకొని, ఒకనాడు హెడ్‌లైట్లు, మరొకనాడు స్టార్టరు పనిచేయడం మానుతాయి. రోగిని ఎక్కించుకొన్న బండి దారిలో ఆగిపోతే ఏమి చేస్తావని అడిగాము. అతడు మాట్లాడలేదు.

మూడవది ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది. 2014 మార్చిలో రిజిస్టరైన ఆల్టో 800, రంగు వెలిసింది, ఎడమ తలుపు సొట్టపడింది. అయినా సర్వీసు రసీదులన్నీ ఒక ఫైలులో తేదీల వరుసన ఉన్నాయి. రసీదులలోని కిలోమీటర్లు మీటరులోని ఎనభై ఒక్క వేలకు సరిపోయాయి. టైర్ల గాడులు లోతుగానే ఉన్నా, ప్రక్కన ముద్రించిన అంకెలు 3217. అంటే 2017లో ముప్పై రెండవ వారం తయారైనవి. రబ్బరు గట్టిపడింది, మార్చక తప్పదు. మెకానిక్‌కు వెయ్యి రూపాయలు ఇచ్చి బండిని పైకెత్తించి చూపించాము. సముద్రపు గాలి తగిలే ఊరిలో ఆ ఖర్చుకు వెనుకాడరాదు. అడుగున పైపై తుప్పే తప్ప చిల్లులు లేవు, ఎక్కడా వెల్డింగ్ అతుకు లేదు. క్లచ్ మాత్రం సగానికి పైగా అరిగింది.

మాస్టారు లక్షా అరవై వేలు చెప్పి, టైర్ల సంగతి వివరించగా లక్షా నలభై ఆరుకు ఒప్పుకొన్నారు. "బాబూ, డబ్బు తరువాత, ముందు పేరు మార్పించుకో" అన్నది ఆయనే. బండి అమ్మివేసినా రికార్డులో పేరు ఉన్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. చాసిస్ నంబరును ఆర్.సి.తో సరిచూచి, బాకీ చలానాలు, బ్యాంకు అప్పు లేవని నిర్ధారించుకొని, 29, 30 నంబరు ఫారాల మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఇన్సూరెన్సును పేరు మార్చడానికి పద్నాలుగు రోజుల గడువున్నా మరునాడే దరఖాస్తు చేయించాము. మాస్టారి నో క్లెయిమ్ బోనస్ మాత్రం ఆయనతోనే పోతుంది, బండితో రాదు.

టైర్లకు పన్నెండు వేలు, బ్యాటరీకి నాలుగు, టైమింగ్ బెల్టుకు మూడున్నర, బ్రేకులకు మూడు, ఆయిల్, కూలెంట్‌లకు మూడున్నర, ముందు బుష్‌లకు నాలుగు, కాగితాల ఖర్చు, ఇన్సూరెన్సు కలిపి ఎనిమిది వేలు అయ్యాయి. బెల్టు ఎప్పుడు మార్చారన్న రసీదు ఒక్కటే ఆ ఫైలులో లేదు. తెగితే ఇంజను నడిరోడ్డున ఆగుతుంది కనుక మార్పించాము. పదహారు వేలు మిగిలాయి. తలుపు సొట్ట తీయించమంటారా సార్ అని అడిగాడు. వద్దన్నాము. ఆ డబ్బు క్లచ్ కోసం బ్యాంకులోనే ఉన్నది.