పొయ్యిలో రొట్టెలు అలాగే ఉండిపోయిన ఊరు

ఊరికి బయల్దేరేటప్పుడు మనందరం చేసే పని ఒకటుంది. ఇంటికి తాళం వేసి, ఆటో ఎక్కబోతూ టక్కున ఆగిపోతాం. ‘గ్యాసు కట్టేశానా? పెరటి తలుపు గడియ వేశానా? పాలగిన్నె ఫ్రిజ్‌లో పెట్టానా?’ ఇంటాయన విసుక్కుంటున్నా సరే, వెనక్కొచ్చి తాళం మరోసారి లాగి చూసుకుంటే గానీ మనసు కుదుటపడదు. అవునా, కాదా?

ఈ వారం మనం వెళ్ళబోయే ఊళ్ళో అలా వెనక్కొచ్చి చూసుకునే వీలు ఎవరికీ లేకపోయింది. ఆ ఊరి పేరు పాంపే. ఇటలీలో నేపుల్స్ నగరానికి దగ్గర్లో ఉంది. క్రీ.శ. 79లో, సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న వెసూవియస్ కొండ బద్దలై, పచ్చగా బతుకుతున్న ఆ ఊరిని మర్నాటికల్లా బూడిద కింద కప్పెట్టేసింది. 1748లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. ఇప్పటికి ఊళ్ళో దాదాపు మూడింట రెండు వంతులు బయటపడింది.

పిల్లలు విదేశాల్లో ఉండి చూడబోయే తల్లులూ, గుంపుగా యూరప్ టూరు వెళ్ళేవాళ్ళూ ఇప్పుడు మనలో చాలామందే ఉన్నారు. పొద్దున పాంపే, మధ్యాహ్నం వెసూవియస్ కొండ చూపించి సాయంత్రానికి దింపేసే ఒక్కరోజు ట్రిప్పులు అక్కడ మామూలే. వెళ్ళేవాళ్ళు ఏం చూడాలో తెలుసుకుంటారు, వెళ్ళలేని వాళ్ళం ఇంట్లో కాఫీ తాగుతూ చూసొద్దాం. రండి!

గైడు గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడుస్తూ ఉంటాడు. గుళ్ళూ, స్తంభాలూ, నాటకశాలలూ చూపించి ఏ చక్రవర్తి కాలంలో కట్టారో చెబుతాడు. వినండి. కానీ కళ్ళు మాత్రం పక్కనున్న ఇళ్ళ మీద వేసి ఉంచండి. మనకు తెలిసిన సంగతులన్నీ అక్కడే ఉన్నాయి.

వీధులకు పెద్ద పెద్ద రాళ్ళు పరిచారు. ఒక అరుగు నుంచి ఎదుటి అరుగుకి కాళ్ళు తడవకుండా దాటేందుకు వీధి మధ్యలో ఎత్తయిన రాళ్ళు వేశారు. వాటి మధ్య నుంచి బండిచక్రాలు పోగా పోగా రాళ్ళు అరిగి గాళ్ళు పడిపోయాయి. వీధి వారన గట్టులు కనిపిస్తాయి, వాటిలో గుండ్రటి కంతలు, కంతల్లో దించిన పెద్ద కుండలు. అవి తిండి అమ్మే కొట్లు. చిన్న వాటాల్లో ఉండేవాళ్ళకు చాలామందికి వంటిల్లే ఉండేది కాదట. మన వీధి చివర కర్రీ పాయింటు లాంటిదే అనుకోండి! 2020లో పూర్తిగా బయటపడిన ఒక కొట్టు గట్టు మీద కోడిపుంజు, బాతుల బొమ్మలు రంగులతో సహా నిలిచి ఉన్నాయి. కుండల్లో బాతు, మేక, పంది, చేప, నత్తల ఆనవాళ్ళు దొరికాయి.

ఇక రొట్టెల బట్టీలు. ఊళ్ళో ముప్పైకి పైగా ఉన్నాయి. మనిషెత్తు తిరగళ్ళు, వాటిని తిప్పడానికి గాడిదలు. 1862లో ఒక బట్టీ తవ్వితే లోపల 81 రొట్టెలు దొరికాయి. నల్లగా బొగ్గయిపోయాయి గానీ రూపు చెదరలేదు. గుండ్రటి రొట్టె, పైన ఎనిమిది ముక్కలుగా తుంచుకోవడానికి గాట్లు. పొయ్యిలో పెట్టిన మనిషి మళ్ళీ తీయడానికి రాలేదు. అంతే! ఎన్ని స్తంభాలు చూసినా రాని దుఃఖం ఆ రొట్టె తలుచుకుంటే వస్తుంది. అన్నట్టు 2023లో మరో బట్టీ బయటపడింది. దానికి ఇనప ఊచలున్న చిన్న కిటికీలే తప్ప బయటికి దారి లేదు. బానిసల్నీ, గాడిదల్నీ లోపలే బంధించి పిండి విసిరించేవాళ్ళన్నమాట. ఆ రొట్టె వెనక ఆ బతుకులూ ఉన్నాయి.

మన దేశం వస్తువు కూడా ఒకటి ఇక్కడ దొరికింది. 1938లో ఒక ఇంట్లో దంతపు బొమ్మ బయటపడింది. ఒంటి నిండా నగలతో ఉన్న స్త్రీమూర్తి, పక్కన ఇద్దరు చెలికత్తెలు. చాలాకాలం ‘పాంపే లక్ష్మి’ అన్నారు. లక్ష్మీదేవి కాదు, యక్షిణి అయ్యుంటుందని ఇప్పుడు చాలామంది పండితుల మాట. ఏ ఇల్లాలి అద్దానికో పిడిగా అమర్చారేమోనని కూడా అంటారు. చూడాలంటే నేపుల్స్ మ్యూజియానికి వెళ్ళాలి.

ఇప్పుడు గైడు గొంతు తగ్గిస్తాడు. గాజు పెట్టెల్లో మనుషుల ఆకారాలు చూపిస్తాడు. బూడిద గట్టిపడి, లోపలి శరీరాలు శిథిలమై, వాళ్ళ రూపంలో ఖాళీలు మిగిలాయి. 1863లో ఫియోరెల్లి అనే ఆయన ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి ఈ రూపాలు తీయించాడు. ముఖం చేతులతో కప్పుకున్నవాళ్ళూ, ముడుచుకు పడుకున్నవాళ్ళూ... చూడలేం.

వాటిలో ఒకటి, చేతికి బంగారు కడియం, ఒడిలో బిడ్డ. ఇంకెవరు, తల్లే అని ఎన్నో ఏళ్ళుగా చెప్పుకున్నారు. 2024లో డి.ఎన్.ఎ. పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆ కడియం మనిషి తల్లి కాదు, మగవాడు. ఆ బిడ్డకు రక్తసంబంధం కూడా లేదు. పరాయి బిడ్డను ఆఖరి ఘడియలో ఒడిలోకి తీసుకున్నాడన్నమాట. ఇది తెలిశాక ఆ మనిషి మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు నాకు.

మీకు ఒక అనుమానం రావాలి. అంతా క్షణంలో అయిపోయిందా? లేదు! అదే అసలు సంగతి. మధ్యాహ్నం కొండ బద్దలైంది. మనం మడమలు రుద్దుకునే నురగరాయి ఉంటుందే, అలాంటి రాళ్ళు వానలా కురవడం మొదలుపెట్టాయి. మర్నాడు తెల్లవారే దాకా కురుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాతే నిప్పులాంటి వాయువు, బూడిద ఊరి మీద పడి మిగిలినవాళ్ళను చంపేసింది. అంటే ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి వ్యవధి ఉంది. మొదట్లోనే ఊరు వదిలినవాళ్ళలో చాలామంది బతికారని పండితులు అంటారు. ‘కాస్త తగ్గనీ, చూద్దాం’ అని ఇంట్లో ఉండిపోయిన వాళ్ళ మీద కప్పులు కూలాయి, గుమ్మాలు రాళ్ళతో మూసుకుపోయాయి. 2024లో ఒక చిన్న గదిలో ఒక స్త్రీ అవశేషాలు దొరికాయి. ఆవిడ దగ్గర బంగారు, వెండి, కంచు నాణేలు, ముత్యాల చెవి నగలు ఉన్నాయి. అన్నీ దగ్గరే ఉన్నాయి, బయటపడే దారే లేకపోయింది.

ఆనాటి సంగతి చూసినవాడే రాసిపెట్టాడు. ప్లినీ అని, అప్పటికి పదిహేడేళ్ళ కుర్రాడు. అఖాతానికి అవతలి ఒడ్డున తల్లితో ఉన్నాడు. అతని మేనమామ జనాన్ని కాపాడదామని ఓడలు తీసుకెళ్ళి, అక్కడే ప్రాణం వదిలాడు. ఆయనతో ఉన్నవాళ్ళు రాళ్ళు తగలకుండా తలల మీద దిండ్లు గుడ్డలతో కట్టుకుని బయటికొచ్చారట. చూశారా, ఇంట్లో వస్తువే ఆ వేళకు ఉపయోగపడింది! ఇక్కడ తల్లేమో, నేను నడవలేను, నువ్వు పారిపో నాయనా అని కొడుకును బతిమాలింది. అతను వినలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. ఇద్దరూ బతికారు.

భోజనాలయ్యాక బస్సు కొండెక్కుతుంది. వెసూవియస్ ఎత్తు 1,281 మీటర్లు. సుమారు వెయ్యి మీటర్ల దాకా బస్సు వెళుతుంది, మిగతాది కంకర దారిలో నడక. పైకెళ్ళి చూస్తే సుమారు 300 మీటర్ల లోతు గొయ్యి, అక్కడక్కడా సన్నగా ఆవిరి. ఇదేనా ఇంత పని చేసింది అనిపిస్తుంది. కానీ కొండ చావలేదు, నిద్రపోతోంది. ఆఖరుసారి 1944లో లేచింది. 1841లో పెట్టిన పరిశోధనశాల దాన్ని కనిపెట్టి చూస్తూనే ఉంది.

వెనక్కి తిరిగి కిందికి చూడండి. సముద్రం దాకా ఇళ్ళే ఇళ్ళు! ప్రమాద ప్రాంతంలో ఆరు లక్షల మందికి పైగా కాపురాలు చేస్తున్నారు. భయం లేదా అంటే... ఆ బూడిద నేల అంత సారవంతం. ద్రాక్ష, నేరేడంత చిన్న టమాటాలు విరగ్గాస్తాయి. ఆ టమాటాలను గుత్తులుగా దారానికి కట్టి వేలాడదీస్తే శీతాకాలమంతా పాడవకుండా ఉంటాయట. ఆ ఇల్లాళ్ళూ మనలాంటివాళ్ళే. ఉన్న ఇల్లు, కాసే చెట్టు వదిలిపెట్టి ఎక్కడికి పోతారు? కానీ కొండ కదిలితే 72 గంటల్లో అందర్నీ తరలించాలని ప్రభుత్వం ముందే పథకం వేసి పెట్టుకుంది.

నేను చెప్పొచ్చేదీ అదే. మన ఊళ్ళో అగ్నిపర్వతం లేకపోవచ్చు. వంటింట్లో గ్యాసు వాసన రావచ్చు, తుఫాను హెచ్చరిక రావచ్చు. ఆ వేళ బీరువా ముందు నిలబడి ఆలోచించకూడదు. ముఖ్యమైన కాగితాలు, మందులు, కాస్త డబ్బు ఒక సంచిలో పెట్టుకోండి. ముసలివాళ్ళ చెయ్యి ఎవరు పట్టుకోవాలో, పిల్లల్ని ఎవరు ఎత్తుకోవాలో ఇంట్లో అందరూ కలిసి ఈ ఆదివారమే అనుకోండి. పొయ్యి మీద ఏమున్నా సరే, కట్టేసే వీలుంటే కట్టేసి, లేకపోతే అలాగే వదిలేసి బయటికి నడవండి. రొట్టె మాడితే మళ్ళీ చేసుకోవచ్చు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు: చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. చీర కంటే సల్వార్ కమీజే సుఖం. పాంపేలో నీడ తక్కువ కాబట్టి టోపీ, నీళ్ళ సీసా ఉండాలి. వీధి కుళాయిల్లో మంచినీళ్ళు పట్టుకోవచ్చు. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందికే ప్రవేశం అని, టిక్కెట్టు మీద పేరు ఉండాలని నియమం పెట్టారు. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. కొండకు కూడా టిక్కెట్టు ముందే కొనుక్కోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద కూర్చుంటే చిన్నతనమేమీ కాదు.

అన్నట్టు, బయల్దేరే ముందు తాళం ఒక్కసారి లాగి చూడండి. అది మాత్రం మానక్కర్లేదు!