ముందు సీటు అవ్వది

మా హాస్టల్‌లో ఒక రూల్ ఉంది. ఎవరూ ఎక్కడా రాయలేదు కానీ అందరం పాటిస్తాం. ఫ్రెండ్స్‌తో వెళ్తే ట్రిప్, ఇంట్లోవాళ్ళతో వెళ్తే తీర్థయాత్ర. మొదటిదానికి రీల్స్ ఉంటాయి, రెండోదానికి పులిహోర డబ్బా ఉంటుంది.

మొన్న డిసెంబర్ దాకా నాదీ ఇదే పార్టీ. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక నాన్న "రాజస్థాన్ పోదాం, అవ్వ కూడా వస్తుంది" అన్నప్పుడు నా మొహం ఎలా పెట్టానో అమ్మ ఇప్పటికీ ఇమిటేట్ చేసి చూపిస్తుంది. అవ్వ అంటే నాన్నవాళ్ళమ్మ. నందికొట్కూరు దగ్గర పల్లెటూరు. మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు, గంటకోసారి బండి ఆపాలి. నేనేమో జోధ్‌పూర్, జైసల్మేర్, కుంభల్‌గఢ్, ఉదయ్‌పూర్ అన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టి, ఒక్కో చోట ఎన్ని నిమిషాలో కూడా రాసుకున్నా. అందులో అవ్వకి కాలమ్ లేదు.

జోధ్‌పూర్ దాకా రైల్లో వెళ్ళి, అక్కడ డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నాం. ముందు సీటు నాదే. మ్యాప్స్ చూడాలి, వీడియో తీయాలి కదా. ఊరు దాటి అరగంట కాకముందే వెనక సీట్లో అవ్వకి వాంతి అయింది. నాన్న ఒక్క మాటే అన్నాడు. "నువ్వు వెనక్కి రా, అమ్మని ముందు కూర్చోబెడదాం." సణుగుతూనే మారాను. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సీటు మారడమే.

ముందు కూర్చున్న పది నిమిషాలకే అవ్వ మొదలుపెట్టింది. "ఒరేయ్, ఇవన్నీ జమ్మిమాన్లు గదరా! ఇన్ని ఉండాయే!"

నాకు కనబడినవి ఎండిపోయిన పొలాల మధ్య అక్కడక్కడా నిలబడ్డ ముళ్ళ చెట్లు. ఫోన్ పెట్టి గూగుల్ లెన్స్‌లో చూస్తే 'ప్రోసోపిస్ సినరేరియా' అని వచ్చింది. డ్రైవర్ భయ్యా 'ఖేజ్రీ' అన్నాడు. ముగ్గురూ కరెక్టే. దసరాకి మా ఊళ్ళో పూజ చేసి, ఆకులు బంగారమని పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టి దండం పెట్టే చెట్టు, పాండవులు ఆయుధాలు దాచారని చిన్నప్పుడు విన్న చెట్టు, ఇదే. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఖేజ్రీ. రెండూ ఒకే చెట్టని పంతొమ్మిదేళ్ళ వయసులో, వెనక సీట్లో కూర్చుని తెలుసుకున్నాను. ఏటా దసరాకి ఆ ఆకు పట్టుకుంటాను. చెట్టుని మాత్రం ఎప్పుడూ చూడలేదని అప్పుడే అర్థమైంది.

భయ్యాకి తెలుగు రాదు, అవ్వకి హిందీ రాదు. మధ్యలో నేను ట్రాన్స్‌లేటర్. అవ్వ వరసగా ప్రశ్నలు వేస్తోంది. పొలం మధ్యలో మాను ఉంటే పైరు దెబ్బతినదా? కొమ్మలన్నీ ఎవరు కొట్టేశారు? కాయలు తింటారా? భయ్యా చెప్పినదాన్ని బట్టి, దీని కింద పైరు ఇంకా బాగా వస్తుందట. వేర్లు చాలా లోతుకి పోతాయి. కొమ్మలు కోసి మేకలకీ ఒంటెలకీ మేత వేస్తారు. లేత కాయలు ఎండబెట్టి కూర చేస్తారు. ఆ కూర అప్పటికే రెండుసార్లు ఆర్డర్ చేశాం, కేర్ సాంగ్రీ. సాంగ్రీ అంటే జమ్మికాయ! మెనూలో నాకది ఒక పేరు, అంతే.

జోధ్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో ఖేజర్లీ అని ఒక ఊరు ఉంది. నా షీట్‌లో లేదు. అవ్వ చెట్ల గోల విని భయ్యాయే తీసుకెళ్ళాడు. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు సున్నం కాల్చడానికి కట్టెల కోసం ఇక్కడ ఖేజ్రీలు నరకడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టుని కౌగిలించుకుని అడ్డం నిలబడింది. ఆమెని నరికేశారు. తర్వాత ఒక్కొక్కరుగా మొత్తం 363 మంది అలాగే ప్రాణాలిచ్చారు. చిప్కో గురించి సోషల్ టెక్స్ట్‌బుక్‌లో ఒక మార్కు ప్రశ్నగా చదివాను. అంతకు రెండొందల ఏళ్ళకు పైగా ముందు జరిగిన ఈ సంగతి గుర్తులేదు. అవ్వ అక్కడ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. నేనూ విడిచాను.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు. దారంతా గాలిమరలు, సోలార్ ప్యానెళ్ళు. ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని కదా, తెగ సంబరపడిపోయి వీడియోలు తీశాను. "ఎంత ఖాళీ స్థలమో, సోలార్‌కి పర్ఫెక్ట్" అని నాన్నతో అన్నాను కూడా. తర్వాత రోజు సమ్ ఇసుక దిబ్బలకి వెళ్ళే దారిలో ఒక బోర్డు దగ్గర ఆగాం. దాని మీద పొడుగు మెడ, పొడుగు కాళ్ళు, నెత్తి మీద నల్ల టోపీ పెట్టినట్టున్న పెద్ద పక్షి బొమ్మ. రాజస్థాన్ రాష్ట్ర పక్షి, గోడావణ్. ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్.

అవ్వ బోర్డు దగ్గరికి వెళ్ళి చూసింది. "ఇది మన బట్టమేక గదరా!"

మా జొన్న చేలల్లో తిరిగేవట. అవ్వ పెళ్ళయి వచ్చిన కొత్తల్లో చూసిందట. నాన్న చిన్నప్పుడు ఒకసారి చూశాడట. నేను ఆ పేరే వినలేదు. రాత్రి హోటల్లో వెతికితే తెలిసింది. బట్టమేక పిట్ట కోసమే 1988లో రోళ్ళపాడు అభయారణ్యం పెట్టారు. అది మా అవ్వ ఊరికి బైక్ మీద వెళ్ళేంత దూరం. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనిపించడమే చాలా అరుదు. దేశంలో మిగిలినవి దాదాపు 150, ఎక్కువ భాగం ఈ జైసల్మేర్ చుట్టుపక్కలే. పెద్ద మగపక్షి పదిహేను కిలోల దాకా బరువు తూగుతుంది. ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు కాబట్టి కరెంటు తీగల్ని చూసుకోక గుద్దుకుని చచ్చిపోతుంది. పెట్ట మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది, అందుకే పోయిన లెక్క తిరిగి పూడదు. తీగల్ని భూమిలోంచి వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్ని చోట్లా అది సాధ్యం కాదని 2024లో ఆ ఆదేశాన్ని మార్చి నిపుణుల కమిటీ వేసింది.

నేను వీడియో తీసింది ఆ తీగలనే.

సోలార్ వద్దని నేను అనడం లేదు. మా కర్నూలు దగ్గరే 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది, దాన్ని చూసి గర్వపడతాను. నన్ను ఆపింది నా నోట్లోంచి వచ్చిన 'ఖాళీ' అనే మాట. ఎడారి అంటే నాకు ఇసుక. అక్కడి డెజర్ట్ నేషనల్ పార్క్‌లో ఇసుక దిబ్బలు దాదాపు 20 శాతమేనట, మిగతాదంతా గడ్డి, రాయి, పొదలు. ఆ గడ్డే బట్టమేక ఇల్లు. రోళ్ళపాడు కూడా అలాంటి గడ్డిభూమే. మన దేశంలో 'బంజరు భూముల అట్లాస్' అని ఒకటి ఉంది. దానికి ఉపగ్రహ చిత్రాల పని చేసేది మన హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ. రేపు ఇలాంటి మ్యాపుల మీద ఏది వాడుకోవచ్చు, ఏది వద్దు అని రంగులు వేసేది ఎవరు? మనమే. సీఎస్‌ఈ, సివిల్, ట్రిపుల్ఈ బ్యాచ్‌లలోంచే ఎవరో ఒకరు. ఆ కుర్చీలో నేను ఈ ట్రిప్‌కి ముందు కూర్చుని ఉంటే, ఆ నేలంతటికీ ఒకే రంగు వేసి సాయంత్రం ఐదుకి లాప్‌టాప్ మూసేసేవాణ్ణి.

ఇక అడవి సంగతి. ఇందులో నా తప్పు ఉంది, అదీ చెప్పాలి.

కుంభల్‌గఢ్ కోట నుంచి ఆరావళి అడవి గుండా రాణక్‌పూర్‌కి దిగే నడకదారి ఒకటి ఉంది. పద్నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది. చిరుతలు, ఎలుగుబంట్లు, తోడేళ్ళు ఉండే అభయారణ్యం కాబట్టి గైడ్‌ని పెట్టుకున్నాం. నా ప్లాన్ ప్రకారం నేనూ నాన్నా నడుస్తాం, అమ్మా అవ్వా కార్లో చుట్టూ తిరిగి రాణక్‌పూర్ వస్తారు. కానీ అవ్వ "కొంచెం దూరం నేనూ వస్తా" అంది.

అరకిలోమీటర్‌కి గంట పట్టింది. ప్రతి చెట్టు దగ్గరా ఆగడమే. మోదుగ కనిపిస్తే ఒక ఆకు తెంపి, దాని మీద ఇంకోటి పెట్టి, పుల్లతో విస్తరి కుట్టి గైడ్‌కి చూపించింది. ఆయన నవ్వి, తమవాళ్ళూ కుడతారని, 'పత్తల్' అంటారని చెప్పాడు. తర్వాత సీతాఫలం చెట్లు, తర్వాత రేగు పొద. నేను వాచీ చూసుకుంటూనే ఉన్నా. చివరికి కాస్త గట్టిగానే అనేశాను. "అవ్వా, ఇట్లయితే చీకటి పడిపోతుంది. నువ్వు పోయి కార్లో కూర్చో."

అవ్వ ఏమీ అనలేదు. "సరే నాయనా, మీరు పోండి" అని, కొంగులో ఉన్న రేగిపళ్ళు నా చేతిలో పోసి, అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచింది.

మిగతా దారి మూడు గంటల యాభై నిమిషాల్లో కొట్టేశాం. ఫిట్‌నెస్ యాప్‌లో ఉంది, స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను. కానీ ఆ దారి గురించి రాద్దామని కూర్చుంటే రాయడానికేమీ దొరకడం లేదు. రాళ్ళు, కొండముచ్చులు, నాన్న వెనక నుంచి "మెల్లగా" అనడం. అంతే. అవ్వతో నడిచిన అరకిలోమీటర్ మాత్రం ఏ చెట్టు తర్వాత ఏ చెట్టో వరసగా చెప్పగలను. రాణక్‌పూర్ జైన గుడి మెట్ల మీద అవ్వ కూర్చుని ఉంది. ఆ గుడికి 1444 స్తంభాలంటారు. అరవై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి వదిలేసిందట. "దారిలో ఏమేం మాన్లు చూసినావు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సారీ కూడా ఆ రోజు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత తిరుగు రైల్లో చెప్పాను. "దేనికిరా?" అంది.

పెద్దవాళ్ళందరికీ అన్నీ తెలుసు అని నేను చెప్పబోవడం లేదు. ఒంటె మూపురంలో నీళ్ళుంటాయని అవ్వ ఖాయంగా వాదించింది. అందులో ఉండేది కొవ్వు అని ఎంత చెప్పినా నమ్మలేదు. ముళ్ళున్న చెట్లలో సగానికి తుమ్మ అని పేరు పెట్టేసింది. ఇంట్లోవాళ్ళతో ప్రయాణం కష్టమే. టోల్ గేట్ దగ్గర నాన్న గొడవ, ఏసీ ఎంత పెట్టాలన్న చర్చ, ప్రతి ఫొటోకీ అమ్మ చీర కొంగు సర్దుకోవడం, అన్నీ భరించాలి. ఫ్రెండ్స్‌తో వెళ్ళడం మానేయమని కూడా అనను. ఫిబ్రవరిలో గోకర్ణ ప్లాన్‌లో నేనూ ఉన్నాను.

కానీ ఫ్రెండ్స్ ట్రిప్‌లో అందరికీ తెలిసినవి ఒకటే, తెలియనివీ ఒకటే. జమ్మిని చూసి "అది మన చెట్టు" అనేవాళ్ళు మా గ్యాంగ్‌లో ఒక్కరూ లేరు. నా ఎక్సెల్ షీట్‌లో ఉన్నవన్నీ ఇంటర్నెట్‌లో ముందే చూసేసిన చోట్లు. ఖేజర్లీ, బట్టమేక, మోదుగాకు విస్తరి షీట్‌లో లేనివి. ఆ మూడూ అవ్వ వల్లే దొరికాయి. ఈ పేర్లు తెలిసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు, కానీ వాళ్ళ మోకాళ్ళు మన సెమ్ హాలిడేస్ కోసం ఎదురుచూస్తూ ఆగవు.

అందుకే చదివేవాళ్ళకి నా సలహా. ఏడాదిలో ఒక్కసారైనా ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళతో రోడ్డు మీద వెళ్ళండి. వాళ్ళని కిటికీ పక్కన కాదు, ముందు సీట్లో కూర్చోబెట్టండి. రోజుకి మూడు చోట్లు అనుకుంటే ఒకటి కొట్టేయండి. అడవిలో ఎవరు అందరికంటే మెల్లగా నడుస్తారో వాళ్ళని ముందు నడవనివ్వండి. వాళ్ళు చెప్పే పేర్లు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. తప్పు చెబితే తర్వాత సరిచూసుకోవచ్చు.

రాజస్థాన్ దాకా వెళ్ళక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అవ్వని రోళ్ళపాడు తీసుకెళ్తానని చెప్పాను. బట్టమేక కనబడదని తనకీ తెలుసు. "కనబడకపోతే ఏం, యాడ తిరిగేవో చూపిస్తా పా" అంది. ఈసారి షీట్ చేయలేదు. కారు మాత్రం మాట్లాడాను, ముందు సీటు అవ్వది.