మండల విలేకరికి జీతం ఎవరిస్తారు?

ఊరి శివార్లలో ప్రమాదం జరిగితే పది నిమిషాల్లో ఆ వీడియో మండలంలోని వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరుతోంది. అదే మలుపులో అంతకుముందు ఎందరు చనిపోయారు, మలుపు సరిచేయడానికి మంజూరైన డబ్బు ఏమైంది, కాంట్రాక్టరు పని మధ్యలో ఎందుకు ఆపాడు అన్నవి మాత్రం ఏ గ్రూపులోనూ కనిపించవు. మొదటి వార్తను చేతిలో ఫోన్ ఉన్నవారెవరైనా ఇవ్వగలరు. రెండోది రావాలంటే ఒక మనిషి ఆర్ అండ్ బీ కార్యాలయం చుట్టూ నాలుగు రోజులు తిరగాలి, పోలీస్ స్టేషన్లో పాత కేసుల సంగతి కనుక్కోవాలి, ఏఈని నిలదీయాలి, చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లాలి. ఇంటర్నెట్ మొదటి రకం వార్తను అందరికీ ఉచితం చేసింది. రెండో రకం వార్తకు డబ్బు వచ్చే దారిని మూసేస్తోంది. పత్రికల భవిష్యత్తు మీద మన దగ్గర జరిగే చర్చ అచ్చు కాగితం నిలుస్తుందా, పోతుందా అన్నచోటే ఆగిపోతోంది. కాగితం పోతే పోనివ్వండి. ఆ నాలుగు రోజులు తిరిగే మనిషిని ఎవరు పోషిస్తారన్నది తేలకపోతే, ఏ తెర మీద చదివినా మనకు మిగిలేది ప్రమాదం వీడియో ఒక్కటే.

ఆ మనిషి తెలుగు పత్రికల్లోకి ఎలా వచ్చాడో చూస్తే, ఇప్పుడు ఎందుకు మాయమవుతున్నాడో అర్థమవుతుంది. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక పుట్టింది. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. అవి జాతీయోద్యమాన్ని మోసిన పత్రికలు. ఒక్కో ఊరి రోజువారీ సంగతులు వాటి పరిధిలోకి వచ్చేవి కావు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యేనాటికి, విజయవాడలో అచ్చయిన పత్రిక విశాఖ పాఠకుడి చేతికి రావడానికి ఎండెక్కేది. తెల్లవారకముందే గుమ్మంలో పేపరు వేయడం అప్పట్లో పెద్ద మార్పు. అంతకన్నా పెద్ద మార్పు 1989లో వచ్చింది. ఈనాడు జిల్లాకొక చిన్న సంచికను ప్రధాన పత్రికతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. మిగిలిన పత్రికలు అదే బాట పట్టాయి.

జిల్లా సంచిక వెనుక ఉన్నది వ్యాపార లెక్క. శ్రీకాకుళంలో బట్టల కొట్టు నడిపేవాడికి రాష్ట్రమంతా కనిపించే ప్రకటనతో పనిలేదు, దాని రేటు అతని తాహతుకు మించినది. తన జిల్లాలో మాత్రమే కనిపించే ప్రకటన తక్కువ ధరకు దొరికితే ఇస్తాడు. ట్యూషన్ కేంద్రం, నర్సింగ్ హోమ్, ఎరువుల డీలరు, తండ్రి సంవత్సరీకానికి శ్రద్ధాంజలి వేయించే కుటుంబం, అందరూ అలా ప్రకటనదారులయ్యారు. ఆ పేజీల్లో ప్రకటనల పక్కన వార్తలు ఉండాలి కాబట్టి ప్రతి మండలానికీ ఒక కంట్రిబ్యూటరు అవసరమయ్యాడు. మండల వ్యవస్థ అప్పటికి నాలుగేళ్ల కిందటే, 1985లో, వచ్చింది. ప్రభుత్వం ఊళ్లకు దగ్గరగా జరిగిన కొద్దికాలానికే పత్రిక కూడా జరిగిందన్నమాట. మండల రెవెన్యూ కార్యాలయం, పోలీస్ స్టేషన్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మార్కెట్ యార్డు చుట్టూ రోజూ తిరిగే మనిషి మన ప్రజాస్వామ్యానికి మొదటిసారి దొరికాడు. ఎవరూ ఆ ఉద్దేశంతో ప్రణాళిక వేయలేదు. బట్టల కొట్టు ప్రకటన డబ్బు అతన్ని నిలబెట్టింది.

దాని ఫలితం మూడేళ్లకే నెల్లూరు జిల్లాలో కనిపించింది. అక్షరదీపం రాత్రి బడుల్లో సీతమ్మ కథ వంటి పాఠాలు చదువుకున్న ఆడవాళ్లు 1992లో సారా కొట్లు మూయించారు. దూబగుంట అనే ఊరి పేరు రాష్ట్రమంతా మోగింది. ఉద్యమం ఆ ఆడవాళ్లది, అందులో అనుమానం లేదు. కానీ పక్క మండలంలో ఆడవాళ్లు ఏం చేశారో, సారా కాంట్రాక్టరు ఎలా తోక ముడిచాడో మర్నాడు పొద్దున ఊరి పేరుతో సహా చదువుకోగలగడం వల్ల ఒక ఊరి ధైర్యం ఇంకో ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తర్వాత దాన్ని సడలించారు, అది వేరే కథ. పత్రికాధిపతులకు తమ రాజకీయ ప్రయోజనాలు లేవని కూడా నేననను. అయినా కింది నుంచి పైకి వార్త అంత బలంగా ప్రయాణించిన సందర్భం తెలుగునాట మరొకటి చూపించడం కష్టం.

ఆ పాత వ్యవస్థను నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. కంట్రిబ్యూటరుకు జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బు పెట్రోలుకు కూడా సరిపోయేది కాదు. ఆగస్టు 15కో, సంక్రాంతికో ప్రకటనల టార్గెట్ మాత్రం తప్పేది కాదు. ఎవరి రైసుమిల్లులో అక్రమాల గురించి రాయాలో ఆ మిల్లు యజమాని దగ్గరికే ప్రకటన కోసం వెళ్లాల్సిన స్థితిలో అతన్ని నిలబెట్టారు. కొందరు లొంగిపోయారు, కొందరు దాన్నే బతుకుతెరువు చేసుకున్నారు, కొందరు అప్పులు చేసి నిజాయితీగా పనిచేశారు. పత్రికా సిబ్బంది జీతాలపై మజీథియా వేతన బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. మండల విలేకరి గుమ్మం దాకా ఆ తీర్పు రాలేదు. ఇంటర్నెట్ దెబ్బకు మొదట కూలిన గోడ ఇదే కావడానికి కారణం, అది ముందునుంచీ పునాది లేని గోడ. యాజమాన్యాలు ఈ నిజాన్ని ఒప్పుకోకుండా గూగుల్‌ను ఒక్కదాన్నే నిందిస్తే సగం మాటే చెప్పినట్టు.

మిగిలిన సగం మాట కూడా చెప్పుకోవాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై పల్లెపల్లెకూ వీడియో చేరింది. పాఠకుడితో పాటు బట్టల కొట్టు యజమాని కూడా ఫోన్లోకి వెళ్లాడు. తన ఊరి చుట్టూ ఉన్న కొద్ది కిలోమీటర్లలో, ఫలానా వయసు ఆడవాళ్లకు మాత్రమే కనిపించే ప్రకటన ఇన్‌స్టాగ్రామ్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంటే జిల్లా పేజీతో అతనికేం పని? 1989 నాటి లెక్కనే ఇంకా చవకగా, ఇంకా సూటిగా చేసి చూపించాయి ఈ వేదికలు. తేడా ఒక్కటే: జిల్లా పేజీకి ఇచ్చిన డబ్బులో కొంతైనా మండల విలేకరికి చేరేది. ఇన్‌స్టాగ్రామ్‌కు ఇచ్చిన డబ్బులో ఒక్క పైసా ఆ మండలంలో వార్త సేకరణకు తిరిగి రాదు. 2020 కోవిడ్ కాలంలో ప్రకటనలు ఒక్కసారిగా పడిపోయి జిల్లా సంచికలు సన్నబడ్డాయి. ఎందరో విలేకరులు, సబ్ ఎడిటర్లు ఇళ్లకు వెళ్లిపోయారు. 2024లో భారత మీడియా, వినోద రంగ ఆదాయంలో డిజిటల్ తొలిసారి టీవీని మించింది. డబ్బు తగ్గలేదు, వార్తతో సంబంధం లేని చోటికి తరలింది.

వృత్తిలో మిగిలినవాళ్ల పని స్వభావం కూడా మారింది. ఒకే మనిషి పొద్దున వెబ్‌సైట్‌కు నాలుగు ముక్కలు, మధ్యాహ్నం యాప్‌కు వీడియో, సాయంత్రం పేపరుకు వార్త పంపాలి. ఏ వార్తను ఎంతమంది చూశారో డెస్కులో తెర మీద క్షణక్షణం కనిపిస్తుంటుంది. లారీ బోల్తా లక్షమంది చూస్తారు, ఉపాధి హామీ కూలి బకాయిలు వెయ్యిమంది చూస్తారు. ఆ వెయ్యిమందిలో కలెక్టరు ఒకరైతే ఆ వార్త విలువే వేరు, కానీ లెక్క తెర మీద అది కనబడదు. ఆరోపణ రాసే ముందు అవతలివాళ్ల వివరణ తీసుకోవడం, మర్నాడు మళ్లీ వెళ్లి పని జరిగిందో లేదో చూడడం, తప్పు రాస్తే సవరణ వేయడం వంటివి పూట గడిచేలోగా చేసే పనులు కావు. ఈ తొందరలో ముందు పోయేవి అవే.

అవి పోతే ఏమవుతుందో 2018 వేసవిలో చూశాం. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో దేశంలో అనేకచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని ఇంటింటికీ చెప్పించారు. అక్కడ ప్రాణాలు నిలిచాయి. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. ఆ పోలీసు అధికారి చేసింది గొప్ప పని. అయితే పుకారు నిజమో కాదో సాయంత్రంలోగా తేల్చి చెప్పే బాధ్యత పూర్తిగా పోలీసుల మీద పడడం మంచి పరిస్థితి కాదు. రేపు పోలీసుల మీదే ఆరోపణ వచ్చినప్పుడు నిజం ఎవరు తేలుస్తారు?

నిజం తేల్చే విలేకరి ఖర్చు కోసం కొన్ని దేశాలు ఈ వేదికల చేత వార్తా సంస్థలకు డబ్బు కట్టించే చట్టాలు చేశాయి. 2021లో ఆస్ట్రేలియా అలాంటి చట్టం తెస్తుంటే ఫేస్‌బుక్ అక్కడ కొన్ని రోజులు వార్తల్నే ఆపేసి, తర్వాత బేరానికి దిగింది. కెనడా 2023లో చట్టం చేస్తే ఫేస్‌బుక్ యాజమాన్య సంస్థ మెటా ఆగస్టు నుంచి వార్తలు తీసేసింది. గూగుల్ మాత్రం ఏటా పది కోట్ల కెనడా డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ సొమ్మును సంస్థల్లో పనిచేసే విలేకరుల సంఖ్యను బట్టి పంచుతారు. మనకు పనికొచ్చే అంశం ఇదే. మన దగ్గర డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్‌పై విచారణకు ఆదేశించింది. తమ వార్తల్ని కృత్రిమ మేధ శిక్షణకు వాడుకున్నారని 2024 నవంబరులో ఏఎన్ఐ సంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. వీటిలో పబ్లిషర్లు గెలిచి డబ్బు వచ్చిందే అనుకుందాం. కెనడా పద్ధతిలో తలలు లెక్కపెడితే, జీతాల పట్టీలో పేరే లేని మన మండల కంట్రిబ్యూటరు ఏ లెక్కలోకీ రాడు. అతను తెచ్చిన వార్తకు వచ్చిన పరిహారం హైదరాబాదులో ప్రధాన కార్యాలయం దాటదు.

కొత్త సాధనాల్లో ఆశ లేదని కాదు. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో గ్రామీణ మహిళలు మొదలుపెట్టిన ఖబర్ లహరియా అచ్చు పత్రిక నుంచి పూర్తిగా డిజిటల్‌కు మారింది. దళిత మహిళా విలేకరులు ఫోన్లు పట్టుకుని గనుల మాఫియానూ పోలీసులనూ ప్రశ్నించడం ప్రపంచమంతా చూసింది. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలే రాసి నడిపిన నవోదయం పత్రిక మన దగ్గరా వచ్చింది. పెద్ద యాజమాన్యాల పేజీల్లో ఏనాడూ చోటు దక్కని తండాల మాట, దళితవాడల మాట ఇప్పుడు యూట్యూబ్‌లో వినిపిస్తోంది. ఛానల్ పెట్టడానికి రోటరీ యంత్రం కొనక్కర్లేదు. కానీ చూసినవాళ్ల సంఖ్యను బట్టి యూట్యూబ్ ఇచ్చే డబ్బు మీదే ఆధారపడితే, ఆ ఛానల్ కూడా ఏడాది తిరిగేసరికి లారీ బోల్తాల దగ్గరే తేలుతుంది.

అందుకే మూడు వైపుల నుంచి అడగాలి. పత్రికా యాజమాన్యాలు మండల విలేకరికి నియామక పత్రం, నెల జీతం ఇచ్చి ప్రకటనల పనిని అతని నెత్తి మీద నుంచి దించాలి. రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ ఏ పత్రికకు, ఏ ఛానల్‌కు, ఏ వెబ్‌సైట్‌కు ఎంత ప్రకటన సొమ్ము ఇచ్చాయో ప్రతి మూడు నెలలకూ బయటపెట్టాలి. వేదికల నుంచి పరిహారం వసూలు చేసే చట్టం కేంద్రం తెచ్చేట్టయితే, అందులో జిల్లా స్థాయి విలేకరుల వాటాను విడిగా రాయాలి.

మూడోవైపు పాఠకులు. నెలకు సినిమాల ఓటీటీకి కట్టే డబ్బులో సగం చాలు, మీ జిల్లా వార్తలు నిజాయితీగా ఇచ్చే వెబ్‌సైట్‌నో, ఛానల్‌నో నిలబెట్టడానికి. డాలస్‌లో, న్యూజెర్సీలో కూర్చుని రాత్రిపూట సొంత జిల్లా ఈ-పేపరు తిరగేసే తెలుగువాళ్లు ఊళ్లో గుడికీ బడికీ విరాళాలిస్తున్నారు. అదే ఊరి పంచాయతీ లెక్కలు అడిగే విలేకరికి కూడా ఇవ్వండి. ఇచ్చేముందు ఒక్కటి చూడండి: అతను తప్పు రాసినప్పుడు సవరణ వేస్తున్నాడా? వేస్తుంటే ఈ నెల నుంచే చందా కట్టండి.